చమురు అమ్మే దేశాలకు అప్పులెందుకు? సౌదీ బడ్జెట్ లోటుకు, జగిత్యాలలో ఆగిపోయే ఇంటి స్లాబుకు లింకేంటి?

2016 జులై చివరి వారం. సౌదీ అరేబియాలోని లేబర్ క్యాంపుల్లో భారతీయ కార్మికులు తిండి లేక అల్లాడుతున్నారన్న వార్త ఒక్కసారిగా బయటికొచ్చింది. నెలల తరబడి జీతాల్లేవు. క్యాంపు మెస్ మూసేశారు. ఇకామా రెన్యువల్ కాక బయట తిరగడానికీ భయం. ఆహార సంక్షోభంలో ఉన్న భారతీయుల సంఖ్య 10 వేలు దాటిందని అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ స్వయంగా ట్విట్టర్‌లో చెప్పారు. జెడ్డాలోని భారత కాన్సులేట్ క్యాంపులకు సరుకులు పంపింది. సహాయ మంత్రి వీకే సింగ్ హుటాహుటిన సౌదీ వెళ్లారు. ఆ క్యాంపుల్లో తెలంగాణ నుంచి వెళ్లిన వాళ్లూ ఉన్నారు.

అప్పట్లో చాలామంది అడిగిన ప్రశ్న ఒక్కటే. భూమిలో బోరు వేస్తే నూనె వచ్చే దేశంలో కూలీకి జీతం ఇవ్వడానికి డబ్బుల్లేవా?

నిజంగానే లేవు. లేదా ఉన్నా, చేతికి అందే చోట లేవు. కంపెనీలు జీతాలు ఆపడానికి కారణం సౌదీ సర్కారు తమకు ఇవ్వాల్సిన బిల్లులు ఆపేయడం. సర్కారు బిల్లులు ఆపడానికి కారణం చమురు ధర. 2014 జూన్‌లో బ్యారెల్ బ్రెంట్ క్రూడ్ 115 డాలర్లు. 2016 జనవరికి 30 డాలర్ల కంటే కిందకి పడిపోయింది. అంటే ఏడాదిన్నరలో ఆదాయం నాలుగో వంతుకు వచ్చినట్టు. మన దగ్గర ఏ కుటుంబానికైనా నెలకు లక్ష వచ్చే చోట పాతిక వేలు వస్తే ఏం చేస్తారు? ముందు దాచుకున్నది తీస్తారు, తర్వాత అప్పు చేస్తారు, కిరాణా కొట్టువాడికి వచ్చే నెల ఇస్తామంటారు. సౌదీ ఈ మూడూ చేసింది. కిరాణా కొట్టు స్థానంలో కాంట్రాక్టర్లు ఉన్నారు. వాళ్ల దగ్గర మన వాళ్లు ఉన్నారు. అంతే తేడా.

లెక్కలు చూస్తే షాక్

2014 చివరికి సౌదీ ప్రభుత్వ అప్పు ఎంతో తెలుసా? దాని జీడీపీలో 2 శాతం కూడా లేదు. దాదాపు 4,400 కోట్ల రియాల్స్. అంత తక్కువ అప్పు ఉన్న పెద్ద దేశాలు అప్పట్లో ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైగా సెంట్రల్ బ్యాంక్ దగ్గర 73 వేల కోట్ల డాలర్లకు పైగా విదేశీ నిల్వలు ఉన్నాయి.

మరుసటి ఏడాదే సీన్ రివర్స్. 2015లో బడ్జెట్ లోటు జీడీపీలో దాదాపు 15 శాతానికి చేరింది. ఇలాగే ఖర్చు పెడుతూ, చమురు 50 డాలర్ల దగ్గరే ఉంటే ఐదేళ్లలోపే దాచుకున్న సొమ్మంతా ఖాళీ అవుతుందని ఆ ఏడాది అక్టోబర్‌లో ఐఎంఎఫ్ హెచ్చరించింది. 2017 నాటికి విదేశీ నిల్వలు 50 వేల కోట్ల డాలర్ల దగ్గరికి తగ్గిపోయాయి. 2016 అక్టోబర్‌లో సౌదీ మొదటిసారి అంతర్జాతీయ మార్కెట్‌లో బాండ్లు అమ్మి 1,750 కోట్ల డాలర్లు అప్పు తెచ్చింది.

ఇప్పుడు? 2024 చివరికి అప్పు 1.2 లక్షల కోట్ల రియాల్స్. జీడీపీలో దాదాపు 30 శాతం. పదేళ్లలో 2 నుంచి 30. ఆ పదేళ్లలో మిగులు చూపించింది ఒక్క 2022లోనే. అది కూడా ఉక్రెయిన్ యుద్ధంతో చమురు ధర ఎగబాకిన పుణ్యం. 2025కి మొదట 10,100 కోట్ల రియాల్స్ లోటు ఉంటుందని బడ్జెట్ వేసుకున్నారు. సెప్టెంబర్ చివరికి ఆ అంచనాను 24,500 కోట్లకు పెంచారు. రెట్టింపు కంటే ఎక్కువ.

ఇక్కడ ఒక మాట. 30 శాతం అంటే మరీ ఎక్కువేం కాదు. భారత్‌లో కేంద్రం, రాష్ట్రాల అప్పు కలిపితే జీడీపీలో 80 శాతం దాటుతుంది. జపాన్‌ది 200 శాతం పైమాటే. మరి సౌదీ విషయంలో ఎందుకు అంత టెన్షన్? అసలు పాయింట్ ఇక్కడే ఉంది.

పొలం అమ్మిన డబ్బు జీతం కాదు

మామూలు దేశానికి పన్నులే ఆదాయం. జనం పనిచేస్తారు, కొంటారు, అమ్ముతారు, ఏటా పన్ను వస్తూనే ఉంటుంది. చమురు అలా కాదు. అది భూమిలో ఉన్న ఆస్తి. ఒక బ్యారెల్ తీసి అమ్మితే ఆ బ్యారెల్ మళ్లీ రాదు. పొలం ఎకరం ఎకరం అమ్ముకుంటూ ఆ డబ్బుతో ఇల్లు నడిపే మనిషి ఉన్నాడనుకోండి. చూసేవాళ్లకు దర్జాగానే బతుకుతున్నట్టు ఉంటుంది. అప్పు కూడా ఉండదు. కానీ పాస్‌బుక్‌లో ఎకరాలు తగ్గుతుంటాయి. ఆ డబ్బుతో ఊళ్లో షాపులు కట్టి అద్దెలు తెచ్చుకుంటే ఓకే. పెళ్లిళ్లకు, కార్లకు పెడితే చివరి ఎకరం అమ్మిన రోజు నుంచి కష్టాలే.

అందుకే చమురు దేశాల బడ్జెట్‌ను ఆర్థికవేత్తలు రెండు రకాలుగా చూస్తారు. ఒకటి మామూలు లోటు. రెండోది చమురు ఆదాయాన్ని పక్కన పెట్టి లెక్కేసే లోటు. అంటే చమురు లేకపోతే ఈ దేశం ఎంత మునిగి ఉంది అన్న లెక్క. మొదటి దాంట్లో మిగులు కనిపించిన ఏడాది కూడా రెండో దాంట్లో భారీ లోటు ఉండొచ్చు. ధర బాగున్న రోజుల్లో ఈ రెండో లెక్క ఎవరూ చూడరు. సమస్య మొదలయ్యేదే ఆ మంచి రోజుల్లో.

ఇంకో పదం తరచూ వింటుంటాం, బ్రేక్ ఈవెన్ ధర. బడ్జెట్‌లో ఆదాయం, ఖర్చు సరిపోవాలంటే బ్యారెల్ ఎంతకు అమ్ముడుపోవాలి అన్నది. ఐఎంఎఫ్ అంచనాల ప్రకారం ఇటీవలి ఏళ్లలో సౌదీకి ఇది 90 డాలర్ల పైనే. యూఏఈ, ఖతార్‌లకు 50 డాలర్ల చుట్టుపక్కల, అంతకంటే తక్కువ. 2025లో ఎక్కువ కాలం ధర 60, 70 డాలర్ల మధ్యే తిరిగింది. కాబట్టి ఒకే ధర దగ్గర ఖతార్ హాయిగా ఉంటే సౌదీ అప్పుకు వెళ్లాల్సి వస్తుంది. పైగా నియోమ్ లాంటి మెగా ప్రాజెక్టుల ఖర్చులో చాలా భాగం పబ్లిక్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ అనే సంస్థ నుంచి వెళ్తుంది. అది బడ్జెట్ పుస్తకంలో కనిపించదు. దాన్ని కూడా కలిపితే కావాల్సిన ధర ఇంకా పైకే వెళ్తుంది.

మూడు దెబ్బలు ఒకేసారి

అప్పు మోయగలమా లేదా అన్నది అప్పు సైజు ఒక్కటే చెప్పదు. కట్టే వడ్డీ కంటే దేశ ఆదాయం వేగంగా పెరుగుతోందా, వడ్డీ పోను బడ్జెట్‌లో ఏమైనా మిగులుతోందా అన్నవి చూడాలి. చమురు దేశాలకు ఈ లెక్క ఒక్క రాత్రిలో తారుమారవుతుంది.

ధర పడిందనుకోండి. ఖజానాకు వచ్చేది తగ్గుతుంది, ఇది మొదటి దెబ్బ. జీడీపీలో పెద్ద ముక్క చమురే కాబట్టి జీడీపీ కూడా తగ్గుతుంది. అప్పు అంతే ఉన్నా, జీడీపీలో దాని శాతం పెరిగిపోతుంది. ఇక మూడోది, సరిగ్గా ఆ టైమ్‌లోనే అప్పిచ్చేవాళ్లు వెనకడుగు వేస్తారు, వడ్డీ పెంచుతారు. వర్షాలు పడని ఏడాదే వడ్డీ వ్యాపారి గట్టిగా అడుగుతాడు కదా, ఇదీ అంతే.

పక్కనే ఉన్న ఒమన్ దీనికి ఉదాహరణ. 2014లో ఒమన్ అప్పు జీడీపీలో 5 శాతం మాత్రమే. 2020 నాటికి దాదాపు 70 శాతం. ఆరేళ్లలో. కరోనా దెబ్బకు 2020 ఏప్రిల్ 20న అమెరికా క్రూడ్ ధర ఏకంగా మైనస్ 37 డాలర్లకు పడిపోయింది. చమురు తీసుకెళ్తే ఎదురు డబ్బులిస్తాం అన్న పరిస్థితి. అది అమెరికాలో నిల్వ చేసే చోటు లేక ఒక్కరోజు జరిగిన ముచ్చటే, కానీ గల్ఫ్ ఆర్థిక శాఖల్లో ఆ రోజు ఎవరికీ నిద్ర పట్టి ఉండదు.

ఒమన్ మాత్రం ఆ తర్వాత గట్టిగానే సర్దుకుంది. 2021 ఏప్రిల్‌లో 5 శాతం వ్యాట్ తెచ్చింది, ఖర్చులు కోసింది, ధర పెరిగిన 2022లో వచ్చిన అదనపు డబ్బును కొత్త ప్రాజెక్టులకు కాకుండా పాత అప్పు తీర్చడానికి వాడింది. 2024కి అప్పు మళ్లీ 35 శాతం దగ్గరికి వచ్చింది. రేటింగ్ సంస్థ ఎస్ అండ్ పీ ఆ ఏడాది సెప్టెంబర్‌లో ఒమన్‌కు మళ్లీ పెట్టుబడి గ్రేడ్ ఇచ్చింది. 2028 జనవరి నుంచి వ్యక్తుల మీద ఆదాయపు పన్ను కూడా వేస్తోంది. గల్ఫ్‌లో ఇదే మొదటిసారి. కంగారు పడకండి, ఏడాదికి 42 వేల రియాల్స్ దాటిన ఆదాయం మీద మాత్రమే 5 శాతం. మస్కట్‌లో మేస్త్రీ పనికో డ్రైవింగ్‌కో వెళ్లిన మన వాళ్లు ఆ లిస్టులోకి రారు.

బహ్రెయిన్ కథ వేరు. చమురు తక్కువ, ఖర్చు ఎక్కువ. 2018లో చేతులెత్తేసే పరిస్థితి వస్తే సౌదీ, యూఏఈ, కువైట్ కలిసి 1,000 కోట్ల డాలర్ల సాయం ప్రకటించి కాపాడాయి. అయినా అప్పు జీడీపీలో 100 శాతం దాటేసింది. 2019లో 5 శాతం వ్యాట్, 2022లో దాన్ని 10 శాతం చేశారు. బహ్రెయిన్ ఇంకా నిలబడి ఉందంటే, అది పడితే తమకూ మంచిది కాదని పొరుగు దేశాలు అనుకోవడం వల్లే అని చెప్పాలి.

కోటీశ్వరుడి జేబులో చిల్లర లేకపోతే

అన్నిటికంటే విచిత్రం కువైట్‌ది. ప్రపంచంలోనే మొదటి ప్రభుత్వ పెట్టుబడి నిధి కువైట్‌దే, 1953లోనే మొదలైంది. భవిష్యత్ తరాల కోసం అని 1976లో ఇంకో నిధి పెట్టారు. వందల బిలియన్ల డాలర్ల ఆస్తి. అలాంటి దేశం ఆర్థిక మంత్రి 2020 ఆగస్టులో పార్లమెంటులో చెప్పిన మాటేంటంటే, అక్టోబర్ తర్వాత జీతాలకు డబ్బు సరిపోదని.

ఎలా? భవిష్యత్ తరాల నిధిని ముట్టుకోకూడదు. రోజువారీ ఖర్చుల నిధి అయిపోయింది. అప్పు తెద్దామంటే అప్పు చేయడానికి అనుమతించే చట్టం 2017లోనే గడువు ముగిసింది. కొత్త చట్టానికి పార్లమెంటు ఒప్పుకోలేదు. బీరువా నిండా బంగారం, తాళం చెవి మాత్రం ఎవరి దగ్గరా లేదు. చివరికి 2024లో కువైట్ అమీర్ పార్లమెంటునే రద్దు చేశారు. 2025 మార్చిలో కొత్త రుణ చట్టం వచ్చింది, 50 ఏళ్లలో 3,000 కోట్ల దినార్ల వరకు అప్పు చేసుకోవచ్చని.

అప్పు సమస్య ఎప్పుడూ డబ్బు లేకపోవడం వల్లే రాదు. ఖర్చు ఎవరు కోయాలి, ఎవరి సబ్సిడీ తీసేయాలి అన్న పంచాయితీ తేలకపోవడం వల్ల కూడా వస్తుంది. సౌదీలో కూడా 2016 సెప్టెంబర్‌లో మంత్రుల జీతాలు 20 శాతం కోసి, ప్రభుత్వ ఉద్యోగుల అలవెన్సులు ఆపేశారు. జనంలో అసంతృప్తి పెరిగింది. 2017 ఏప్రిల్‌లో రాజాజ్ఞతో ఆ అలవెన్సులు తిరిగి ఇచ్చేశారు. ఓట్లు లేని దేశంలో కూడా జీతం కోయడం అంత ఈజీ కాదు.

మరి భారం ఎవరి మీద పడింది? ఓటూ లేని, పౌరసత్వమూ లేని వాళ్ల మీద తేలిగ్గా పడింది.

ఫ్యామిలీ ఫీజు గుర్తుందా

2017 జులైలో సౌదీ డిపెండెంట్ ఫీజు తెచ్చింది. విదేశీ ఉద్యోగి తనతో ఉంచుకునే భార్యకు, ఒక్కో బిడ్డకు నెలకు 100 రియాల్స్. ఏటా ఇంకో 100 పెంచుకుంటూ 2020 జులైకి 400 చేశారు. భార్య, ఇద్దరు పిల్లలున్న ఇంటికి నెలకు 1,200, ఏడాదికి 14,400 రియాల్స్. అప్పటి రేటు ప్రకారం దాదాపు రూ.2.9 లక్షలు. అది కూడా ఇకామా రెన్యువల్ టైమ్‌లో ముందే కట్టాలి. జెడ్డా, దమ్మామ్‌లలో చిన్న ఉద్యోగాలు చేసుకునే ఎన్నో భారతీయ కుటుంబాలు ఆ ఏళ్లలో భార్యాపిల్లల్ని ఇంటికి పంపించేశాయి. విదేశీ కార్మికులున్న కంపెనీల మీద మనిషికి నెలకు 800 రియాల్స్ వరకు లెవీ వేశారు. దాంతో కొత్త వీసాలు తగ్గాయి, ఉన్న వాళ్ల జీతాలు పెరగలేదు.

ఆ తర్వాత వ్యాట్. 2018 జనవరి 1 నుంచి 5 శాతం. 2020 జులై 1 నుంచి ఏకంగా 15 శాతం. బియ్యం బస్తా మీద, ఫోన్ రీఛార్జ్ మీద కూడా. 2,000 రియాల్స్ జీతంలో తిండికి, ఫోన్‌కు 600 ఖర్చు పెట్టే మనిషి, ఆ ఖర్చంతా వ్యాట్ ఉన్న వాటి మీదే అనుకుంటే, కట్టే పన్ను నెలకు దాదాపు 80 రియాల్స్. చూడ్డానికి తక్కువే. కానీ గల్ఫ్‌కు వెళ్లడానికి చేసిన అప్పుకు నెలనెలా వడ్డీ కట్టే మనిషికి ఆ 80 రియాల్స్ లెక్కే వేరు.

నిజం చెప్పాలంటే సౌదీ వైపు నుంచి చూస్తే ఇది సరైన దారే. చమురు మీద ఆధారపడటం తగ్గించాలంటే పన్నులు వేయక తప్పదు. 2014లో బడ్జెట్ ఆదాయంలో దాదాపు 90 శాతం చమురుదే. 2024కి అది 60 శాతానికి దిగింది. ఇది చిన్న మార్పు కాదు. కాకపోతే ఆదాయం పెంచుకున్నంత వేగంగా ఖర్చు కూడా పెంచేసుకున్నారు. అక్కడే చిక్కు.

ఇది వాళ్లకు కొత్త పాఠం కూడా కాదు. 1970ల్లో డబ్బు వరదలా వచ్చింది, 1980ల్లో ధర కూలింది, ఏళ్ల తరబడి లోటు నడిచింది. 1999 నాటికి సౌదీ అప్పు జీడీపీలో 100 శాతం దగ్గర ఉంది. 2003 తర్వాత ధర మళ్లీ ఎగబాకింది కాబట్టి తీర్చగలిగారు. అప్పుడు కాపాడింది పాలసీ కాదు, ధర.

నార్వే ఎలా గట్టెక్కింది, వెనెజువెలా ఎందుకు మునిగింది

నార్వేలో 1969లో చమురు పడింది. 1990లో చట్టం చేసి నిధి పెట్టారు, 1996లో మొదటి డబ్బు వేశారు. చమురు కంపెనీల లాభాల మీద 78 శాతం పన్ను. ఆ సొమ్మంతా నేరుగా నిధిలోకి, అక్కడి నుంచి విదేశీ షేర్లు, బాండ్లలోకి. ప్రభుత్వం ఏటా ఆ నిధి విలువలో సగటున 3 శాతం మాత్రమే వాడుకోవాలన్నది రూల్. మొదట 4 శాతం ఉండేది, 2017లో 3కి దించారు. అంటే అసలు ముట్టుకోకుండా రాబడి మాత్రమే తినాలి. ఇప్పుడు ఆ నిధి 1.7 లక్షల కోట్ల డాలర్లకు పైనే. 55 లక్షల జనాభాకు.

అందరూ నార్వేలా చేయొచ్చు కదా అని చెప్పడం సులువు. చమురు దొరికేనాటికే నార్వేలో పన్నులు కట్టే అలవాటున్న జనం, గట్టి పార్లమెంటు, వేరే పరిశ్రమలు ఉన్నాయి. సౌదీ జనాభా 2022 లెక్కల ప్రకారం 3.2 కోట్లు. అందులో యువత ఎక్కువ, వాళ్లకు ఉద్యోగాలు చూపించాలి. వచ్చినదంతా డిపాజిట్ చేసి కూర్చునే వీలు లేదు.

వెనెజువెలా దీనికి పూర్తి రివర్స్. ప్రపంచంలోనే అత్యధిక చమురు నిల్వలు తమవేనని చెప్పుకునే దేశం. బ్యారెల్ 100 డాలర్లు దాటిన ఏళ్లలో కూడా లోటు బడ్జెట్టే నడిపింది. పైగా చైనా నుంచి వేల కోట్ల డాలర్లు తెచ్చి, చమురు రూపంలో తీరుస్తామని ఒప్పందం రాసుకుంది. ఇక్కడే మెలిక. ధర 100 ఉన్నప్పుడు 100 డాలర్ల అప్పుకు ఒక బ్యారెల్ పంపితే చాలు. ధర 50కి పడితే రెండు బ్యారెళ్లు పంపాలి. అమ్ముకోవడానికి మిగిలేది తగ్గిపోతుంది. డబ్బుల్లేక బావుల మెయింటెనెన్స్ ఆగింది, ఉత్పత్తి పడింది, దాంతో అప్పు తీర్చడం ఇంకా కష్టమైంది. ఆ తర్వాత అమెరికా ఆంక్షలు. 2017 నవంబర్‌లో బాండ్ల వడ్డీ కట్టలేక డిఫాల్ట్ అయింది. మరుసటి ఏడాదికి ధరలు ఊహకందని స్థాయికి వెళ్లి, లక్షల మంది దేశం వదిలి పొరుగు దేశాలకు నడిచి వెళ్లారు.

గల్ఫ్ దేశాలు వెనెజువెలా అయిపోతాయా? ఇప్పుడప్పుడే ఆ సూచనలు లేవు. సౌదీలో చమురు తీసే ఖర్చు ప్రపంచంలోనే అతి తక్కువల్లో ఒకటి, నిల్వలు ఇంకా ఉన్నాయి, అప్పుకు అడిగితే ఇచ్చేవాళ్లున్నారు. వాళ్లకు ఎదురయ్యేది దివాలా కాదు, నెమ్మదిగా బిగుసుకునే ఖర్చులు. ప్రాజెక్టు వాయిదా, కాంట్రాక్టర్ బిల్లు ఆలస్యం, కొత్త ఫీజు. దివాలా వార్త అయితే టీవీలో బ్రేకింగ్ వస్తుంది. బిల్లు ఆలస్యం క్యాంపులో ఉన్న వాళ్లకే తెలుస్తుంది.

మన వాళ్లు చూడాల్సింది ఏంటి

రిజర్వ్ బ్యాంక్ సర్వే ప్రకారం 2016-17లో భారత్‌కు వచ్చిన విదేశీ సొమ్ములో గల్ఫ్ వాటా దాదాపు 47 శాతం. 2023-24కి అది 38 శాతానికి తగ్గింది. అమెరికా మొదటి స్థానానికి వచ్చింది. తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం. ఇందులో అమెరికా సాఫ్ట్‌వేర్ జీతాలూ ఉన్నాయి, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన గల్ఫ్ కార్మికుల జీతాలూ ఉన్నాయి.

చమురు ధర తగ్గిందంటే మనకు పెట్రోల్ బంకు గుర్తొస్తుంది, మంచి వార్తే అనిపిస్తుంది. ఢిల్లీలో ఆర్థిక శాఖకూ మంచి వార్తే, దిగుమతి బిల్లు తగ్గుతుంది. అదే రోజు రియాద్‌లో ఏదో ఒక సైట్‌లో పని నెమ్మదిస్తుంది. ఒకే ధర, ఒకే దేశానికి చెందిన రెండు ఇళ్లలో రెండు రకాలుగా పడుతుంది.

ఇంకొకటి. సౌదీ రియాల్ 1986 నుంచి డాలర్‌కు 3.75 దగ్గర కట్టేసి ఉంది. అందుకే మన రూపాయి పడినప్పుడల్లా సౌదీలో ఉన్న వాళ్లు పంపే డబ్బు ఇక్కడ ఎక్కువగా కనిపిస్తుంది. ఆ 3.75ను నిలబెట్టేది సెంట్రల్ బ్యాంకులోని డాలర్ నిల్వలే. లోటు పూడ్చడానికి సౌదీ ఆ నిల్వల్ని కరిగించకుండా అప్పు వైపు వెళ్లడానికి ఒక పెద్ద కారణం ఇదే. అప్పు పెరిగినా ఫర్వాలేదు, రియాల్ మాత్రం కదలకూడదన్నది వాళ్ల లెక్క. గత పదేళ్లలో రెండుసార్లు ధరలు కుప్పకూలినా ఆ లెక్క తప్పలేదు.

2016 క్యాంపుల్లో ఇరుక్కున్న వాళ్లలో చాలామంది భారత ప్రభుత్వం, సౌదీ ప్రభుత్వం కలిసి పెట్టిన ఉచిత విమానాల్లో తిరిగొచ్చారు. బకాయి జీతాల క్లెయిమ్ ఫారాలు నింపి ఎంబసీకి ఇచ్చి వచ్చారు. వాళ్లు పనిచేసిన కంపెనీల్లో ఒకటైన సౌదీ ఓజర్ 2017 జులైలో మూతపడింది.